స్పెన్సర్‌ని ‘సోషల్ డార్వినిస్టు’ అనడం న్యాయమేనా?

పాతపుస్తకాల పురుగు:
డార్విన్ చెప్పిన బతుకు పోటీని మనుషుల సమాజానికి అంటగట్టేవాళ్లని ‘సోషల్ డార్వినిస్టులు’ అంటారు, స్పెన్సర్‌నీ ఆ జాబితాలో వేస్తారు. బళ్లో ‘యోగ్యతముల సార్థకజీవనం’ (బతకడానికి బాగా తగినవే నిలుస్తాయి) అని బట్టీ పట్టాం కదా, ఆ మాట పుట్టించింది డార్విన్ కాదు. 1864లో ఇంగ్లీషు తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ వాడితే, డార్విన్ తన ‘ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్’ 1869 నాటి 5వ కూర్పులో తీసుకున్నాడు. సమాజం మీద స్పెన్సర్ రాసిన ‘సోషల్ స్టాటిక్స్’ 1851 నాటిది. 1859లో మొదట వచ్చిన డార్విన్ పుస్తకం కంటే ఎనిమిదేళ్లు ముందు. మరి ఈయన్ని డార్విన్ తోక పట్టుకొచ్చినవాడిలా చూడటమేంటి?

నల్లరేగడి:
ఎవరు ముందైతే ఏంటండీ, చెప్పిందేంటో చూడండి. పేదలకు సర్కారు సాయం వద్దు, సర్కారు బడి వద్దు, చివరికి పారిశుద్ధ్యం కూడా వద్దు. బతికే సత్తా ఉన్నవాళ్లు బతుకుతారు, లేనివాళ్లు పోతారు, పోవడమే మేలు అని ఆ పుస్తకంలోనే రాశాడు.

పాతపుస్తకాల పురుగు:
అందరూ అక్కడే ఆగిపోతారు! కాస్త కిందే, తోటి మనిషి మీద జాలితో ఆ బాధ తగ్గిస్తే తగ్గించడం సబబే అన్నాడు. ఆయన గొడవ దానంతో కాదు, ప్రభుత్వంతో.

నల్లరేగడి:
1848-49 కలరాకి ఒక్క లండన్‌లోనే సుమారు 14 వేల మంది పోయారు. ఆ వెంటనే వచ్చిన పుస్తకమండీ ఇది. పక్కింటాయన జాలిపడితే మురుగు కదులుతుందా? కాలువ తవ్వాలి, దానికి పన్ను కట్టాలి.

సాయంకాలం కబుర్లు:
మధ్యలో దూరుతున్నా. డార్విన్ తరఫున వాదించిన హక్స్లీయే 1893లో ఆక్స్‌ఫర్డ్ ఉపన్యాసంలో, ప్రకృతి నడిచే తీరుని అనుకరిస్తే సమాజం బాగుపడదు, దానికి ఎదురు నిలవాలి అన్నాడు. అంటే ఆ రోజుల్లోనే దీనికి జవాబు ఉంది. ఇంకోటి, సామ్రాజ్యవాదుల ఖాతాలో మాత్రం స్పెన్సర్‌ని వేయకండి. దక్షిణాఫ్రికాలో బ్రిటన్ చేసిన బోయర్ యుద్ధాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. 1903లో ఆయన అంత్యక్రియల దగ్గరే మన స్వాతంత్ర్య పోరాట విప్లవకారుడు శ్యామ్‌జీ కృష్ణవర్మ ఆయన పేరిట ఆక్స్‌ఫర్డ్‌కి వెయ్యి పౌండ్ల విరాళం ప్రకటించాడు. తర్వాత లండన్‌లో పెట్టిన ‘ఇండియన్ సోషియాలజిస్ట్’ పత్రిక నెత్తిన స్పెన్సర్ మాటలే అచ్చేశాడు: దౌర్జన్యాన్ని ఎదిరించడం తప్పు కాదు సరికదా, తప్పనిసరి అని.

నల్లరేగడి:
ఇది నాకు కొత్త. అయినా శ్యామ్‌జీకి పనికొచ్చినంత మాత్రాన లండన్ పేదలకి ఒరిగిందేమీ లేదు.

పాతపుస్తకాల పురుగు:
మురుగు కాలువ దగ్గర నా వాదన నిలబడదు, ఒప్పుకుంటున్నా. (వాదన వేడెక్కితే స్పెన్సర్ చెవుల్లో బిరడాలు పెట్టుకునేవాడట, నాకూ ఒక జత కావాలి.) కానీ పేరు విషయంలో తగ్గను. ఆయన నమ్మింది డార్విన్ కంటే ముందే పరిణామం గురించి చెప్పిన ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్‌ని. మనిషి కష్టపడి అలవరచుకున్న గుణం పిల్లలకి వస్తుందనే లెక్క మీదే ఆయన ఆశంతా నిలబడింది. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం (పరిస్థితులకు తగిన జీవుల్నే ప్రకృతి నిలబెట్టడం) ఒక్కటే చాలదని 1893లో వ్యాసమే రాశాడు. అలాంటాయనకి డార్విన్ పేరు తగిలిస్తే ఇద్దరికీ అన్యాయమే.

నల్లరేగడి:
సరే, ‘సోషల్ లామార్కిస్టు’ అందాం. కాలువ మాత్రం తవ్వాల్సిందే.