ఫ్యాను రెక్క మీద ‘ఉభయము’: ఈ మాటకు అర్థమేమిటి?

ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. నగరి దగ్గర మా అమ్మమ్మగారి ఊరి రామమందిరంలో మూడు ఇనుప రెక్కల పాత సీలింగు ఫ్యాను ఒకటి ఉంది. ఈ మధ్య సున్నం వేయడానికి దానిని కిందికి దించినప్పుడు, రెక్కల మీద పసుపు రంగుతో చేత్తో రాసిన అక్షరాలు కనిపించాయి. మొదటి రెక్క మీద ‘శ్రీరామనవమి ఉభయము’ అని, రెండవ దాని మీద ‘విళంబి సం॥ చైత్రము’ అని ఉన్నది. మూడవ రెక్క మీద దాత పేరు చెరిగిపోయి ‘తిరుత్తణి తాలూకా, చిత్తూరు జిల్లా’ అన్నంత మటుకే మిగిలింది. నేను పెరిగింది గుంటూరు వైపు కాబట్టి నాకు తెలిసిన ‘ఉభయము’ అంటే రెండూ అనే. ఉభయ కుశలోపరి అని ఉత్తరం మొదలుపెట్టే మాట ఫ్యాను రెక్క మీదికి ఎందుకు వచ్చింది? ఈ రాతను బట్టి ఫ్యాను వయసు చెప్పగలమా?

సమాధానం (తిరుపతి నుండి):

అయ్యా, మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఆ మూడు రెక్కల మీదే ఉన్నది.

మా ప్రాంతపు గుడులలో ఉభయము అంటే ఒక ఉత్సవానికో, ఒక పూట నైవేద్యానికో, వాహనసేవకో అయ్యే ఖర్చును ఒక కుటుంబమో, కులమో, ఊరో తన మీద వేసుకొని జరిపించడం. అలా జరిపించేవారు ఉభయదారులు. కాణిపాకం బ్రహ్మోత్సవాల సమయంలో ఈ మాట వినని చిత్తూరు జిల్లావాడు ఉండడు. తమిళంలో ఇదే మాట ‘ఉపయం’ అని రాయబడుతుంది, ఎందుకంటే ఆ లిపిలో ప, భలకు వేరువేరు అక్షరాలు లేవు. తిరుమల శాసనాలలో ఎక్కువ భాగం తమిళంలోనే ఉన్నాయి. వాటిలో దాతలు ఏర్పాటు చేసిన సేవలకు ఈ పదం వాడారు, నివేదించిన ప్రసాదంలో నాలుగవ వంతు దాతకు చెందే ఏర్పాటు కూడా వాటిలో కనిపిస్తుంది. ‘రెండు’ అనే అర్థం నుండి ఈ అర్థం పుట్టడానికి దారి అదే కావచ్చునని నా ఊహ: దేవుడికీ దాతకూ, ఉభయులకూ చెందే కార్యం కదా. కొందరు దీనిని కానుక అనే అర్థమున్న ఉపాయనముతో ముడిపెడతారు కాని, ఆ పదంలోని నకారం ఎక్కడ జారిపోయిందో వారు చెప్పవలసి ఉంటుంది.

ఇక వయసు సంగతి. విళంబి అరవై ఏళ్లకు ఒకసారి వస్తుంది కాబట్టి మనకు దొరికేవి 1898, 1958, 2018. చిత్తూరు జిల్లా ఏర్పడినదే 1911లో కనుక మొదటిది పోయింది. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల సవరణలో మద్రాసు రాష్ట్రానికి వెళ్లిపోయింది కనుక మూడవదీ నిలవదు. మిగిలినది 1958, శ్రీరామనవమి కాబట్టి మార్చి ఆఖరు. ఒక పండుగ పేరు, ఒక సంవత్సరం పేరు, ఒక తాలూకా పేరు కలిసి ఇంత కచ్చితంగా తేల్చడం పాత సామాను విషయంలో అరుదు.

అయితే ఇది ఉభయపు వయసే తప్ప ఫ్యాను వయసు కాదు. దాత దానిని కొత్తగా కొన్నాడో, ఎవరి ఇంట్లోనో తిరిగిన దానిని కొని రంగు వేయించాడో ఆ రాత చెప్పదు. దానికి మోటారు మీది నేమ్‌ప్లేటు చూడాలి. అక్కడ కూడా మాటలే ఆధారం. కరెంటు సెకనుకు ఎన్ని ఆవృత్తులు తిరుగుతుందో చెప్పే కొలతకు ఇప్పటి ప్లేట్ల మీద హెర్ట్జ్ అని ఉంటుంది. ఆ పేరు అంతర్జాతీయ ప్రమాణాలలో 1960లో స్థిరపడింది, అంతకు ముందు సైకిల్స్ అనే రాసేవారు. స్వీప్, అంటే రెక్కల తిరుగుడు వ్యాసం, అంగుళాలలో ఉన్నదో మిల్లీమీటర్లలో ఉన్నదో చూడండి. మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చి, 1958 అక్టోబరు నుండి దశలవారీగా అమలయింది. అయితే పాత అచ్చులు అయిపోయేదాకా పాత మాటలు నడుస్తూనే ఉంటాయి కాబట్టి, సైకిల్స్ అని ఉన్నంత మాత్రాన 1960కి ముందుదని తీర్పు చెప్పకూడదు. మిల్లీమీటర్లని ఉంటే మాత్రం 1958 మార్చి నాటి ఉభయానికి ఈ మోటారు పొసగదని, రెక్కలు మాత్రమే పాతవై మోటారు తరువాత మార్చి ఉంటారని అనుమానించాలి. ఐ.ఎస్.ఐ. గుర్తు లేకపోతే దాని నుండి ఏమీ తేలదు. ప్లేటును సోడా, ఇసుక కాగితాలతో రుద్దకండి, తడిగుడ్డ చాలు.

ప్రశ్నించినవారు:

ధన్యవాదాలండీ. తడిగుడ్డతోనే తుడిచాను. కంపెనీ పేరున్న చోట తుప్పు తినేసింది. మిగిలిన అక్షరాలు: 220 వోల్టులు, 50 సైకిల్స్, ఏ.సీ., స్వీప్ 48 అంగుళాలు, కలకత్తా. ఇది మీ లెక్కకు సరిపోయినట్లేనా? ఇంకొక సందేహం కూడా ఉన్నది: ఉభయమంటే సేవ అయినప్పుడు, రామనవమి సేవకు ఫ్యాను ఎందుకు?

సమాధానం:

ప్లేటు ఎక్కడా ఎదురు చెప్పడం లేదు. 1950ల నాటి కలకత్తా ఫ్యాను అని, మోటారూ రెక్కలూ ఒకే జతవి కావచ్చునని అనుకోవచ్చును.

మీ సందేహం అసలు ప్రశ్న కన్నా బాగున్నది. రామనవమికి మన ఊళ్లలో పానకము, వడపప్పుతో పాటు విసనకర్ర దానం చేయడం ఆనవాయితీ. పానకానికి ఒకరు, వడపప్పుకు ఒకరు ఉభయదారులుగా ఉండేచోట, విసనకర్రలు పంచవలసిన దాత ఆ ఏడు కరెంటు విసనకర్ర ఒకటి కొని మందిరానికి కట్టించి ఉంటాడు. తమిళులు ఫ్యానును మిన్‌విసిరి అంటారు. మెరుపు విసనకర్ర అన్నమాట, ఆ విసిరిలోనూ మన విసరు అనే ధాతువే ఉన్నది. తిరుత్తణి వాడికి ఈ రెండు మాటలూ నోటికి వచ్చి ఉంటాయి కనుక, విసనకర్రకు బదులు ఫ్యాను ఇవ్వడం అతనికి వింతగా తోచి ఉండదు.

ప్రశ్నించినవారు:

మందిరం పక్కింటి పెద్దాయనకు మీ జవాబు చదివి వినిపించాను. ఆయన నవ్వి, ‘మేము చిన్నప్పటి నుండి దానిని గాలి ఉభయం అనే అంటున్నాము గదప్పా’ అన్నారు. సున్నం ఆరగానే మళ్ళీ కట్టిస్తున్నాము. రెక్కలకు రంగు వేయవద్దని మేస్త్రీకి చెప్పాను.