పదేళ్ల పాపని ఈత కాంపిటీషన్ బ్యాచ్‌కి మార్చొచ్చా? ఏ లెవెల్‌కి ఏం రావాలి?

కొండాపూర్_అమ్మ
పాపకి పదేళ్లు నిండాయి. ఇప్పుడు వారానికి మూడు రోజులు, గంట చొప్పున క్లాసు. ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్ 50 మీటర్లు ఆగకుండా చేస్తుంది. బ్రెస్ట్‌స్ట్రోక్ 25 మీటర్లు. బటర్‌ఫ్లై సగం పూల్ వరకే, ఆ తర్వాత చేతులు నీళ్లలోంచి పైకి లేవవు. డైవ్ ఇంకా నేర్పలేదు. వచ్చే నెల నుంచి కాంపిటీషన్ బ్యాచ్‌లో వెయ్యమంటున్నారు: వారానికి ఐదు రోజులు, గంటన్నర, రోజుకి 2500 మీటర్ల దాకా. సాయంత్రాలు మా అపార్ట్‌మెంట్ పూల్లో (18 మీటర్లు, నాలుగడుగుల లోతు) డైవ్, టర్న్‌లు (గోడ దగ్గర వెనక్కి తిరగడం) ప్రాక్టీస్ చేయించమన్నారు. లెవెల్ మార్చేముందు చూడాల్సింది వయసా, దూరమా, టైమింగా?

పేస్‌క్లాక్
వయసు కాదు, ఒట్టి దూరం కూడా కాదండీ. అలసిపోయాక స్ట్రోక్ ఎంతవరకు నిలబడుతోందో చూడాలి. లెవెళ్ల పేర్లు క్లబ్బుకొకటి ఉంటాయి, వాటిని పట్టించుకోకండి. లోపల జరిగే పని మాత్రం దాదాపు ఒకటే.

మొదటి మెట్టులో నీటిలో తేలడం, ఊపిరి వదలడం, కిక్‌బోర్డుతో కిక్. రెండోది స్ట్రోకులు దిద్దుకునే దశ: వారానికి 3 రోజులు, రోజుకి 600 నుంచి 1000 మీటర్లు చాలు. మీ పాప ఉన్నది ఇక్కడే, చివరి భాగంలో. మూడోది పోటీలకి ముందు మెట్టు: వారానికి 4 రోజులు, 1200 నుంచి 1800 మీటర్లు. గడియారం చూసి బయల్దేరడం, ఫ్లిప్ టర్న్ (గోడ దగ్గర నీటిలో పల్టీ కొట్టి తిరగడం), స్టార్ట్, నాలుగు స్ట్రోకులూ నియమాల ప్రకారం చెయ్యడం ఇక్కడ రావాలి. 2500 మీటర్ల బ్యాచ్ దీని తర్వాతిది, నాలుగోది. అంటే మీ క్లబ్బు వాళ్లు ఒక మెట్టు దాటిస్తున్నారు.

ఒక చిన్న పరీక్ష పెట్టండి. 25 మీటర్ల పూల్లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ నాలుగుసార్లు, ప్రతి 1 నిమిషం 30 సెకన్లకి ఒకటి బయల్దేరాలి. ప్రతిసారీ టైమ్, రెండో లెంగ్త్‌లో ఎన్నిసార్లు చెయ్యి వేసిందీ రాసుకోండి. మొదటిదానికీ నాలుగోదానికీ 3 సెకన్లకి మించి తేడా రాకపోతే, చేతుల లెక్క రెండుకి మించి పెరగకపోతే మూడో మెట్టుకి సిద్ధం. టైమ్ నిలబడి, చేతుల లెక్క మాత్రం 22 నుంచి 28కి పోయిందంటే నీటిని పట్టడం మానేసి చేతులు గబగబా తిప్పుతోందని అర్థం. పైకి చూస్తే బాగానే ఈదుతున్నట్టుంటుంది కాబట్టి చాలామంది ఇక్కడే మోసపోతారు.

నాలుగో మెట్టుకి 100 మీటర్ల ఇండివిడ్యువల్ మెడ్లీ (బటర్‌ఫ్లై, బ్యాక్, బ్రెస్ట్, ఫ్రీ, ఇదే వరసలో) తప్పుల్లేకుండా పూర్తికావాలి. గోడను తన్నిన ప్రతిసారీ స్ట్రీమ్‌లైన్‌లో (చేతులు తలపైకి చాపి, ఒళ్లు బాణంలా ఉంచి) కనీసం 5 మీటర్లు రావాలి. సగం పూల్ బటర్‌ఫ్లైతో అది కుదరదు.

తొందరపడితే జరిగేది ఇదీ. సెట్‌లో (ఒకే దూరాన్ని కొద్ది విరామంతో పదేపదే ఈదడం) మిగతా పిల్లలకి 20 సెకన్ల విశ్రాంతి దొరికితే వెనకబడిన పిల్లకి 5 సెకన్లే దొరుకుతుంది. ఊపిరి కోసం తల ఎత్తుతుంది, తల లేస్తే నడుము మునుగుతుంది, నడుము మునిగితే అదే వేగానికి ఇంకా కష్టపడాలి. ఆ స్ట్రోకునే వారానికి 10 వేల మీటర్లు ఈదితే శరీరానికి అదే అలవాటవుతుంది. తర్వాత దాన్ని విడిపించడం కొత్తగా నేర్పడం కంటే కష్టం.

బటర్‌ఫ్లైని బలవంతంగా పొడిగించొద్దు. ఒంటి చేత్తో 25 మీటర్లు, ఆపైన స్ట్రోకు చెడకుండా వచ్చేంత దూరమే రెండు చేతులతో, అది 10 మీటర్లైనా సరే. చెడిపోయిన క్షణాన ఆపించాలి.

సికింద్రాబాద్_లేన్3
పైన చెప్పింది కరెక్టే. నేను పూల్ సంగతి చెప్త. అక్కా, ఆ అపార్ట్‌మెంట్ పూల్ల డైవ్ మాత్రం అస్సలు చేపియ్యకుండ్రి. అంతర్జాతీయ నియమాల ప్రకారం స్టార్టింగ్ బ్లాక్ (దూకేటందుకు కట్టిన దిమ్మె) ఉన్నకాడ, గోడ నుంచి 1 మీటర్ మొదలు 6 మీటర్ల దాకా కనీసం 1.35 మీటర్ల లోతు ఉండాలె. నాలుగడుగులు అంటే 1.2 మీటర్లే. కొత్తగ నేర్చుకునే పిల్లలు నిటారుగ దిగుతరు, తల నేలకు తగుల్తది, మెడకు ప్రమాదం. డైవ్ లోతైన పూల్ల, కోచ్ పక్కనుండంగనే నేర్పాలె: ముందుగాల కూసొని, తర్వాత మోకాలి మీద, ఆ తర్వాత నిలబడి, చివరికి బ్లాక్ మీదికెళ్లి.

బ్యాక్‌స్ట్రోక్ టర్న్ కూడా అక్కడ వద్దు. గోడకు 5 మీటర్ల ముందు కట్టే జెండాలు అపార్ట్‌మెంట్లల్ల ఉండయి. జెండా కాడికెళ్లి గోడ దాకా ఎన్ని చేతులు పడ్తయో లెక్క వెట్టుకునుడే ఆ టర్న్‌ల సగం పని. కిక్, స్ట్రీమ్‌లైన్, బ్రెస్ట్‌స్ట్రోక్ కాళ్లు, గివి అక్కడ మంచిగ చేసుకోవచ్చు.

18 మీటర్లల్ల టైమ్ కూడా తియ్యకుండ్రి. 25 మీటర్ల పూల్ల 100 మీటర్లకు మూడు టర్న్‌లు, గచ్చిబౌలి లెక్క 50 మీటర్ల పూల్ల ఒక్కటే. గోడను తన్ని వచ్చే వేగం తగ్గుతది కాబట్టి పెద్ద పూల్ల టైమ్ ఎక్కువనే పడ్తది. దానికి బిడ్డను కోప్పడొద్దు. పోటీకి ముందు కొన్ని సార్లన్న పెద్ద పూల్ల ఈదిపియ్యాలె.

ఇంకోటి, లేన్‌ల ఎంతమందో చూడుండ్రి. 25 మీటర్ల లేన్‌ల ఎనిమిది మంది దాకా 5 సెకన్ల తేడాతో గుండ్రంగ తిరగొచ్చు. పదిహేను మందైతే ఈదుడు కన్నా గోడ పట్టుకొని నిలబడుడే ఎక్కువైతది. ఎండాకాలం క్యాంపులప్పుడు ఎక్కడ చూసినా గిదే పరిస్థితి, కాబట్టి ఏప్రిల్, మే నెలల్ల బ్యాచ్ చూసి తీర్పు చెప్పకుండ్రి. డిసెంబర్, జనవరి పొద్దుగాల ఓపెన్ పూల్ల నీళ్లు చల్లగుంటయి. పెదాలు నీలం అయితే, వణుకు ఆగకపోతే ఎంత సెట్ మిగిలినా బయటికి తియ్యాలె.

కొండాపూర్_అమ్మ
చాలా ఉపయోగం అండీ. డైవ్ ఆపేస్తాం. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ఒక పాదం బయటికి తిరుగుతోంది, రెండోది తిరగడం లేదు. పాడిల్స్ (చేతులకి తొడిగే పలకలు) కొనమని కూడా అంటున్నారు, కొనాలా?

రిఫరీ_కుర్చీ
పాడిల్స్ ఇప్పుడే వద్దండీ. చేతికంటే పెద్ద పలక పెడితే ఆ భారమంతా భుజం మీద పడుతుంది, మోచెయ్యి జారే పిల్లలకి ఇంకా ఎక్కువ. పొట్టి ఫిన్స్ (పాదాలకి తొడిగే రెక్కలు) పర్వాలేదు, సెషన్‌లో పావు వంతు దాటకుండా.

ఆ కిక్కుని సిజర్ కిక్ అంటారు. పోటీలో కాళ్లు రెండూ ఒకేలా కదలకపోతే డిస్‌క్వాలిఫై చేస్తారు, కాబట్టి దూరం పెంచకముందే దిద్దాలి. పాపని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు నీటిపైకి రాకుండా కిక్ కొట్టించండి. మడమలు వెనక్కి, పాదాలు బయటికి, తర్వాత తన్ని కలపడం. 15 మీటర్ల చొప్పున ఎనిమిదిసార్లు, తొందరేమీ లేదు. నేలమీద గోడకానుకుని కూర్చుని పాదాలు బయటికి తిప్పడం రోజూ రెండు నిమిషాలు చేయించండి. చాలాసార్లు తుంటి సమంగా లేకపోవడమే కారణం: ఊపిరి తీసేటప్పుడు ఒక పక్కకి ఒరుగుతుందేమో ముందునుంచి వీడియో తీసి చూడండి.

పిల్లల పోటీల్లో ఎక్కువగా దొరికే తప్పులు ఇవి: బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లైలలో గోడను ఒక చేత్తో ముట్టుకోవడం, బ్రెస్ట్‌స్ట్రోక్ పుల్‌అవుట్‌లో (స్టార్ట్, టర్న్ తర్వాత నీటి లోపల చేసే స్ట్రోకు) ఒక్క డాల్ఫిన్ కిక్కుకే (రెండు కాళ్లూ కలిపి కొట్టే కిక్కు) అనుమతి ఉంటే, రెండు కొట్టడం, బ్యాక్‌స్ట్రోక్ టర్న్‌లో బోర్లా తిరిగాక గోడవైపు జారుతూ ఉండిపోవడం, బ్యాక్‌స్ట్రోక్ చివర్లో బోర్లా తిరిగి ముట్టుకోవడం. ప్రాక్టీసులో ప్రతి టర్న్‌లోనూ పట్టించుకుంటేనే ఇవి పోతాయి.

పేస్‌క్లాక్ గారితో ఒక్కచోట నాకు భేదం. ఐదు రోజులు తప్పేమీ కాదు, ఒక్కో రోజు 1200 మీటర్లు దాటకపోతే. ఈ వయసులో తరచుగా, కొద్దికొద్దిగా దిగితే నీటి మీద పట్టు త్వరగా వస్తుంది. క్లబ్బుని అడగాల్సిందల్లా: రోజులు ఐదైనా పాపకి విడిగా చిన్న సెట్ ఇస్తారా? ఇవ్వలేమని చెబితే మూడో మెట్టు బ్యాచ్ ఉన్నచోటే ఉంచండి. మొదటి పోటీకి 50 మీటర్ల ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్ రెండే రాయించండి. వయసుని ఆ ఏడాది డిసెంబర్ 31 నాటికి లెక్కేస్తారు కాబట్టి పుట్టిన తేదీ సర్టిఫికెట్ ముందే సిద్ధం చేసుకోండి.

పేస్‌క్లాక్
1200 దాటకుండా ఐదు రోజులంటే నాకూ అభ్యంతరం లేదు. పై మెట్టుకి వెళ్లాక ఇంటర్వల్ (ఒకసారి బయల్దేరినప్పటి నుంచి మళ్లీ బయల్దేరేదాకా పట్టే సమయం) ఎలా లెక్కించాలో కూడా రాసి ఉంచుతున్నా, తర్వాత పనికొస్తుంది. ఒకరోజు 400, 200 మీటర్ల ఫ్రీస్టైల్ మధ్యలో బాగా విశ్రాంతి ఇచ్చి గట్టిగా ఈదించాలి. 400 కి 7:20, 200 కి 3:30 అనుకోండి. తేడా 230 సెకన్లు, అందులో సగం 115, అంటే వంద మీటర్లకి 1:55. ఆ పిల్లకి వంద మీటర్ల సెట్ 2:10 కి ఇస్తే 15 సెకన్ల విశ్రాంతి దొరుకుతుంది. ఆరు వారాలకోసారి మళ్లీ కొలిచి మార్చాలి. లేన్ మొత్తానికీ ఒకే ఇంటర్వల్ ఇచ్చే బ్యాచ్‌లో మాత్రం ఈ లెక్క ఉపయోగపడదు.