అడిగింది దొరకనప్పుడు దేవుడు మంచివాడని ఎలా నమ్మారు?

అందరికీ వందనాలు. అమ్మ బాగుపడాలని 11 నెలలు ప్రార్థించాం, ఉపవాసాలున్నాం. అయినా అమ్మ దక్కలేదు. "దేవుని చిత్తం" అని ఎవరైనా అంటే ఓదార్పు బదులు కోపం వస్తోంది (ఈ మాట నాన్నకి చెప్పలేదు). బైబిల్లో అపొస్తలుడైన పౌలు, తనని ముల్లులా వేధించే బాధని తీసేయమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు, నిజమే. కానీ ఆయనకి జవాబైనా వచ్చింది, నాకు అదీ లేదు. దావీదు రాజైతే జబ్బుపడ్డ తన బిడ్డ కోసం ఉపవాసం ఉండి, ఏడో రోజు బిడ్డ చనిపోయాక లేచి స్నానం చేసి, మందిరానికెళ్లి మొక్కాడు. అంత త్వరగా ఎలా లేవగలిగాడో! నేను మోకరిస్తే మాటలే రావట్లేదు.

ఇలాంటిది దాటినవాళ్లుంటే చెప్పండి, ఆ రోజుల్లో అసలు ఏమని ప్రార్థించేవారు? వాక్యాలు పంపొద్దు, అవి చదువుతూనే ఉన్నా. మీకు జరిగింది చెబితే చాలు.