అప్‌డేట్: ఓపెనింగ్ షూట్ అయిపోయింది

కాలేజీ సైకలాజికల్ థ్రిల్లర్‌కి రెండు నిమిషాల ఓపెనింగ్ కావాలి, దెయ్యం, రక్తం లేకుండా భయం ఎలా పుట్టించాలి అని అడిగాను కదా. మొత్తానికి ఒడిశాలోని పర్లాకిమిడిలో మా అమ్మమ్మ వాళ్లింట్లోనే తీశాం.

మీలో ఒకరు చెప్పినట్టు అంతా ఒకే పనిలో పెట్టాం. అమ్మాయి తలుపు గడియ వేస్తుంది, పడుకుంటుంది, లేచొచ్చి మళ్లీ చూసుకుంటుంది. మూడోసారి వచ్చేసరికి గడియ తీసుంటుంది. గడపకున్న పాత పసుపు క్లోజప్‌లో భలే పడింది.

మొదటి రాత్రి ఫుటేజీ మాత్రం దండగ. ట్యూబ్‌లైట్ వెలుగులో ఫ్రేమంతా నల్లటి చారలు. ఫోన్ సెకనుకి 30 ఫ్రేముల్లో, షట్టర్ (ఒక్కో ఫ్రేమ్‌కి వెలుగు పడే సమయం) 1/60 సెకనులో ఉంది. మన కరెంటేమో 50 హెర్ట్జ్, పాత చోక్ లైటు సెకనుకి 100 సార్లు మినుకుతుంది, దానికి 1/60 కుదరదు. 25 ఫ్రేములు, 1/50 పెట్టాక చారలు పోయాయి. (కెమెరాని ఆటో మోడ్‌లో వదిలేసింది నేనే, తిట్టుకోండి.)

మ్యూజిక్ వద్దనుకున్నాం. ఖాళీ గదిని ఒక నిమిషం రికార్డు చేసి, ఆ గుయ్‌మనే చప్పుడే షాట్ల కింద పరిచాం. ఒక టేక్‌లో గడియ చప్పుడికి పక్కింటి ఒడియా మావుసి (పిన్ని) "కొణొ హెలా?" అని కేకేసింది. ఏమైందని అడగడమన్నమాట. కట్ చేయబోయి ఆగాను. ఇప్పుడు సీన్‌లో ఉన్న ఒకే ఒక్క డైలాగ్ అదే.