పైలట్‌కి లక్షల్లో జీతం ఇస్తున్నప్పుడు మళ్ళీ నిద్ర గురించి గొడవెందుకు?

గంటస్తంభం, విజయనగరం

భోగాపురం ఎయిర్‌పోర్టు పుణ్యమా అని మా టీకొట్టు దగ్గర కూడా ఇప్పుడు విమానాల కబుర్లే. నిన్న మా బావమరిదితో వాదన పడింది, తేలక ఇక్కడ పెడుతున్నాను. 2025 డిసెంబరులో ఇండిగో వేల సర్వీసులు రద్దు చేసింది కదా. కారణం ఏటంటే పైలట్ల కొత్త విశ్రాంతి రూల్స్ అన్నారు. వారానికి 36 గంటల విశ్రాంతిని 48 చేశారట, రాత్రి డ్యూటీలో ల్యాండింగులు 6 నుంచి 2కి దించారట. పెళ్ళిళ్ళకి వెళ్ళేవాళ్ళు, ఇంటర్వ్యూలున్నవాళ్ళు ఎయిర్‌పోర్టు నేల మీద పడుకున్నారు.

పెద్ద కంపెనీలో కెప్టెన్‌కి నెలకి ఆరేడు లక్షలు వస్తాయి. చట్టం ప్రకారం ఏడాదిలో 1000 గంటలకి మించి ఎగరకూడదు. లెక్కేసుకోండి, రోజుకి మూడు గంటలు కూడా పడదు. మా షాపులో గుమస్తా పొద్దున తొమ్మిదికొస్తే రాత్రి తొమ్మిదికి వెళ్తాడు. అంత జీతం తీసుకుంటూ అలిసిపోయామంటే నమ్మాలా?

భావనపాడు కెరటం

బాగా అడిగారు. మా నాన్న గుజరాత్‌లో వేరావల్ బోటు ఎక్కితే మళ్ళీ ఇంటి ముఖం చూసేది సీజన్ అయ్యాకే. ఆయనకి ఏసీ హోటలూ లేదు, ఏ రోజు ఏ డ్యూటీయో చెప్పే రోస్టరూ లేదు. వర్క్ లైఫ్ బ్యాలెన్స్ అనే మాట మా ఊళ్ళో ఎవరితోనైనా అనండి, ఏటది అని అడుగుతారు.

రోస్టర్ డెస్క్, సొంతూరు రాజాం

నేను కొన్నేళ్ళు ఒక ఎయిర్‌లైన్‌లో పైలట్లకి డ్యూటీలు వేసే పని చేశాను. గంటస్తంభం గారూ, తిరకాసంతా మీ 1000 గంటల లెక్కలోనే ఉంది.

అవి బ్లాక్ అవర్స్. విమానం నిలిపిన చోటి నుంచి కదిలినప్పుడు మొదలై, దిగి మళ్ళీ ఆగినప్పుడు అయిపోతాయి. పైలట్ అంతకు గంట ముందే వచ్చి ఉండాలి. బ్రెత్ టెస్ట్, వాతావరణం, ఎంత ఇంధనం నింపాలో తేల్చుకోవడం, అన్నీ ఆ లోపే. రెండు సర్వీసుల మధ్య నేల మీద ఖాళీ. ఢిల్లీలో పొగమంచు పడితే కాక్‌పిట్‌లోనే ఎదురుచూపు. ఇంకో ఊళ్ళో డ్యూటీ ఉంటే మామూలు ప్రయాణికుడిలా సీట్లో కూర్చుని అక్కడికి వెళ్ళడం, దీన్ని డెడ్‌హెడ్ అంటారు. ఇవేవీ మీ వెయ్యిలో లేవు. నాలుగు ల్యాండింగుల రోజు వేశామనుకోండి, బ్లాక్ ఆరు గంటలే ఉంటుంది, మనిషి యూనిఫాంలో పదకొండు గంటలుంటాడు. జీతంలో గంటల లెక్కన వచ్చే భాగం ఎక్కువగా బ్లాక్ మీదే నడుస్తుంది. మీ గుమస్తాకి సరుకు చేతిలో ఉన్న నిమిషాలకే కూలి కడితే ఎలా ఉంటుందో అలాగ.

ఇక రద్దుల సంగతి. రూల్ డిసెంబరులో ఆకాశం నుంచి ఊడిపడలేదు. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ దాన్ని ప్రకటించింది 2024 జనవరిలో. అమలు రెండు విడతలు: 2025 జూలై 1, నవంబరు 1. అంటే దాదాపు రెండేళ్ళ టైముంది. మనుషుల్ని తీసుకోకుండా శీతాకాలం సర్వీసులు వేసుకుంటే ఏమవుతుందో అదే అయింది. చివరికి ఆ ఎయిర్‌లైన్‌కి రాత్రి డ్యూటీ రూల్స్‌లో 2026 ఫిబ్రవరి 10 దాకా సడలింపు ఇచ్చారు. తప్పు లెక్క వేసినవాడికి గడువు దొరికింది, తిట్లు మాత్రం నిద్ర అడిగినవాళ్ళకి తగిలాయి.

కోటబొమ్మాళి

విమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీయే కదా, ఈ గొడవేదో ఆయన్నే అడగొచ్చు.

గంటస్తంభం, విజయనగరం

రాజకీయం వద్దు బాబూ, థ్రెడ్ మూసేస్తారు. రోస్టర్ గారూ, పదకొండు గంటలే అనుకుందాం. మా గుమస్తాది పన్నెండు. ఆరు లక్షలకి పదకొండు గంటలు పెద్ద కష్టమా? నచ్చకపోతే మానేసి ఇంకో ఉద్యోగం చూసుకోవచ్చు.

రోస్టర్ డెస్క్, సొంతూరు రాజాం

మానేయడం అంత సులువు కాదు. 2017 నుంచి కెప్టెన్ రాజీనామాకి ఏడాది ముందు నోటీసివ్వాలి, కో-పైలట్ ఆరు నెలల ముందు. దేశంలో ఇంకే ప్రైవేటు ఉద్యోగికి ఇంత నోటీసుందో చెప్పండి.

గంటల సంగతికొస్తే, ఎన్ని అన్నదొకటే చూస్తే చాలదు, ఏ వేళకి అన్నది కూడా చూడాలి. రాత్రి 2 నుంచి 6 వరకు ఒంటికి బాగా మత్తెక్కే సమయం, రూల్స్ కూడా ఆ సమయాన్ని ప్రత్యేకంగా చూస్తాయి. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగుళూరు వచ్చిన విమానం గుర్తుందా? పొద్దున ఆరు దాటాక రన్‌వే చివర దాటి లోయలో పడింది. 158 మంది పోయారు. కెప్టెన్ దారిలో గంటన్నరకి పైగా నిద్రపోయాడనీ, లేచాక ఆ మత్తు వదలలేదనీ విచారణలో తేలింది. గురక శబ్దం కాక్‌పిట్ రికార్డర్‌లో ఉంది. దిగొద్దు, మళ్ళీ పైకి లేపుదాం అని కో-పైలట్ చెప్పినా ఆయన దించేశాడు. అనుభవం ఉన్నవాడే, జీతమూ తక్కువేం కాదు. ఆరు లక్షలిస్తే తెల్లవారుజామున నాలుగింటికి మెదడు చురుగ్గా పనిచేస్తుందా?

పలాస రన్నింగ్ స్టాఫ్

నేను నడిపేది గూడ్సు. లాబీలో సైన్ ఆన్ చేసేటప్పుడు బ్రెత్ టెస్ట్ మాకూ ఉంది, రాత్రి డ్యూటీలు మాకూ ఉన్నాయి. సొంత స్టేషన్‌కి తిరిగొచ్చాక ఇచ్చే హెడ్‌క్వార్టర్ రెస్ట్ 16 గంటలు, వారం సెలవు లాంటి పీరియాడికల్ రెస్ట్ 30 గంటలు, రెండూ కలిపి 46 గంటలు ఒక్కసారే ఇవ్వండని లోకో పైలట్లం ఎప్పటినుంచో అడుగుతున్నాం. విమానం పైలట్ అలిసిపోతే దేశమంతా చర్చ. మేం అలిసిపోతే ఛార్జిషీటు.

అయినా గంటస్తంభం గారి వాదన నాకు మింగుడుపడలేదు. జీతం ఎక్కువ కాబట్టి పైలట్‌కి రెస్ట్ అక్కర్లేదంటే, తక్కువ జీతం వాడికి ఎక్కువ రెస్ట్ దొరకాలి కదా? ఆ లెక్కన మీ గుమస్తాకి వారానికి ఎన్ని సెలవులిస్తున్నారు సార్?

కంటోన్మెంట్ అమ్మాయి

మా ఆయన కో-పైలట్. పుట్టిల్లు విజయనగరం, కాపురం హైదరాబాద్. జీతం బాగుంది, లేదంటే పాపం. నేను చెప్పేది వేరు.

తెల్లవారి నాలుగున్నరకి రిపోర్టింగ్ ఉంటే ఈయన ముందురోజు సాయంత్రం ఏడింటికే పడుకోవాలి. అపార్ట్‌మెంట్‌లో ఏడింటికి ఎవరు నిద్రపోతారు? కర్టెన్లకి క్లిప్పులు పెడతాం, కాలింగ్ బెల్ తీగ ఊడదీస్తాను. కుక్కర్ విజిల్ వినబడకూడదని అన్నం గిన్నెలో వారుస్తాను. మా పాప బొమ్మల ఛానల్ సౌండ్ లేకుండా చూడ్డం నేర్చేసుకుంది. మర్నాడు డ్యూటీ మధ్యాహ్నానిది, ఆ తర్వాతిది రాత్రిది. వారంలో మూడు రకాల నిద్ర. ఆయన నోరు పుక్కిలించే మందు కూడా వాడరు, అందులో ఆల్కహాల్ ఉంటే బ్రెత్ టెస్ట్‌లో చిక్కు. డీజీసీఏ రూల్‌లోనే అది ఉంది.

పైడితల్లి సిరిమానోత్సవానికి మంగళవారం సెలవు ముందే పెట్టుకున్నారు. సోమవారం రాత్రి రోస్టర్ మారింది. మా అమ్మ మళ్ళీ అడగలేదు, నేనూ చెప్పలేదు. దీన్ని కష్టం అనొద్దంటే అనను. భావనపాడు తమ్ముడూ, మీ నాన్నగారి కష్టం ముందు మాది చిన్నదే. కానీ ఆయనకి విశ్రాంతి లేదు కాబట్టి ఇంకెవరికీ ఉండకూడదంటే, ఎక్కడికి పోతాం?

భావనపాడు కెరటం

అక్కా, నేను అలా అనలేదు. మావాళ్ళ గురించి ఎవరూ రూల్ రాయరని నా కడుపుమంట.

రోస్టర్ డెస్క్, సొంతూరు రాజాం

పైలట్లకి నచ్చని మాట కూడా ఒకటి చెప్పాలి. చాలా కంపెనీల్లో ఇన్ని గంటలకని ఖాయం జీతం ఉంటుంది, అవి దాటితే గంటకింత అదనం. నెలాఖరుకి డెస్క్‌కి ఫోన్ చేసి "నాకు రెండు సెక్టార్లు ఎక్కువ వేయండి" (సెక్టార్ అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఒక ట్రిప్పు) అని అడిగినవాళ్ళు నాకు తెలుసు. విశ్రాంతి కావాలని కోర్టు దాకా వెళ్ళేదీ వాళ్ళ సంఘాలే. అందుకే విశ్రాంతిని పైలట్ ఇష్టానికీ, కంపెనీ ఇష్టానికీ వదలకూడదంటాను. వెనక కూర్చున్న 180 మంది నిద్రని అమ్మే హక్కు ఇద్దరికీ లేదు.

చీపురుపల్లి మాస్టారు

ఆ ఫోన్లు ఎందుకొస్తాయో నేను చెబుతా. లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి. శిక్షణ, ఆ తర్వాత ఫలానా విమానం నడపడానికి టైప్ రేటింగ్, అన్నీ కలిపి 80 లక్షలు, కోటి. మా దగ్గర ఎంపీసీ చదివిన కుర్రాడి ఇంట్లో జీడితోట తాకట్టు పెట్టారు. ఉద్యోగం వచ్చేలోపే వడ్డీ నడుస్తుంది. జెట్ ఎయిర్‌వేస్ 2019లో మూతపడింది, గో ఫస్ట్ 2023లో. కోవిడ్‌లో జీతాలు కోసేశారు. ఏటేటా మెడికల్, ఆరు నెలలకోసారి సిమ్యులేటర్ పరీక్ష, ఏది తప్పినా డ్యూటీ లేదు. అలాంటివాడు గంటలు వద్దంటాడా? తోట మీద చెయ్యి వేసే ముందు పైలట్ శిక్షణకి మొదట కావలసిన వైద్య పరీక్ష, క్లాస్ 2 మెడికల్ చేయించండని పేరెంట్స్‌కి ప్రతి ఏడూ చెబుతాను. వినేది కొందరే.

గంటస్తంభం, విజయనగరం

పలాస గారూ, మా గుమస్తాకి ఆదివారం సెలవే, ఆ సంగతి వదిలేద్దాం. మంగుళూరు మాట విన్నాక రాత్రి ల్యాండింగుల దగ్గర నేను వాదించను. వారానికి 48 గంటలు మాత్రం ఇప్పటికీ ఎక్కువే అనిపిస్తోంది. అయినా టికెట్ కొన్నవాడి నష్టం ఎవరు కడతారు? దానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

రోస్టర్ డెస్క్, సొంతూరు రాజాం

ఎయిర్‌లైనే కట్టాలి. ముందుగా చెప్పకుండా రద్దు చేసి వేరే విమానం కూడా చూపించకపోతే టికెట్ డబ్బు వాపసు, పైగా పరిహారం. గంటలోపు ప్రయాణానికి 5,000, రెండు గంటల లోపుకి 7,500, అంతకు మించితే 10,000 దాకా. టికెట్ మూల ధర, ఇంధన ఛార్జీ కలిపి అంతకన్నా తక్కువైతే అదే ఇస్తారు. తుపాను లాంటివి వస్తే పరిహారం ఉండదు. పైలట్లు చాలకపోవడం తుపాను కిందకి రాదని నా వాదన. ఆ డిసెంబరు టికెట్ మీవాళ్ళెవరి దగ్గరైనా ఉంటే, బుకింగ్ మెసేజ్, రద్దు మెసేజ్ రెండూ జతచేసి ముందు ఎయిర్‌లైన్‌కి రాయమనండి. జవాబు రాకపోతే విమానయాన శాఖ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవలో పెట్టించండి.