ఓకరీనా నేర్చుకుంటున్నా, పై స్వరాలు కీచుమంటున్నాయి. తిరుపతి, చిత్తూరు వైపు ఎవరైనా వాయిస్తారా?

బైరాగిపట్టెడ_వాసి:
అందరికీ నమస్తే. నాకు 36 ఏళ్లు, సంగీతం నేర్చుకోలేదు. చిన్నప్పుడు గోవిందరాజస్వామి గుడి దగ్గర నాదస్వరం వినపడితే అక్కడే నిలబడిపోయేవాణ్ణి, అంతే. రెండు వారాల కిందట ప్లాస్టిక్ ఓకరీనా (నోటితో ఊదుతూ రంధ్రాల మీద వేళ్లతో వాయించే చిన్న వాయిద్యం) ఒకటి కొన్నాను. పన్నెండు రంధ్రాలది, సి శృతి. రాత్రి అన్నం తిన్నాక మిద్దె మీదికెక్కి ఓ అరగంట వాయిస్తున్నా. కింద సా నుంచి పా వరకు బాగానే వస్తోంది. ఆపైన గాలి మాత్రమే వినిపిస్తుంది, లేదంటే కీచుమంటుంది. పక్కింటివాళ్లు ఏమనుకుంటారో అని టెన్షన్. తప్పు వాయిద్యానిదా, నాదా? సరళీ వరుసలు (కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలు) దీని మీద నేర్చుకోవచ్చా?

సరళీస్వరం:
నేను గాత్రం మనిషిని, ఇక్కడి ఎస్వీ సంగీత కళాశాలలో చదివాను. ఓకరీనా మా తమ్ముడికి కొనిచ్చి, వాడికి నేర్పుతూ నేనూ పట్టుకున్నాను. అన్నా, ఏ స్వరానికి ఏ వేళ్లు మూయాలో చూపే చార్టు ముందు పక్కన పెట్టండి. ఫోన్‌లో తంబూరా యాప్ తెరిచి ఒకటో శృతికి, అంటే సికి, పెట్టుకోండి. మీ వాయిద్యంలో సా అదే. ఇప్పుడు సా ఒక్కటే ఊది పది లెక్కపెట్టేదాకా ఆపండి. తంబూరాతో కలిస్తే రెండు ధ్వనులూ ఒకటైపోతాయి. కలవకపోతే మధ్యలో అలలాగా ఊగుతున్నట్టు వినిపిస్తుంది. ఆ ఊగుడు పోయేదాకా ఊపిరి పెంచి, తగ్గించి చూడండి. వేళ్లు కదపొద్దు. ఒక వారం ఇదే చేయండి. విసుగొస్తుంది, తెలుసు. కానీ ఓకరీనాలో వేళ్ల పని సగమే, మిగతా సగం ఊపిరిదే.

వేణువు_నుంచి_వచ్చా:
అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కారణం కూడా తెలిస్తే అన్నకు సులువవుతుంది. నేను పదేళ్లు వేణువు వాయించాను. వేణువు ఒక గొట్టం, రంధ్రం ఎక్కడుందన్నదాన్ని బట్టి స్వరం మారుతుంది. గట్టిగా ఊదితే పై స్థాయి పలుకుతుంది. ఓకరీనా గొట్టం కాదు, కుండ లాంటిది. లోపలున్న గాలి మొత్తం ఒక్కటిగా కంపిస్తుంది. రంధ్రం ఎక్కడుందన్నది దాదాపు లెక్కలోకి రాదు, మొత్తం ఎంత మేర తెరిచారన్నదే లెక్క. అందుకే గట్టిగా ఊదినా పై స్థాయి రాదు, శృతి మాత్రం పైకి జరిగిపోతుంది.

ఇందులో ఒక్కో స్వరానికీ ఒక్కో ఊపిరి. కింది స్వరాలకు వేడి టీ మీద ఊదినంత మెల్లగా చాలు. పైకి పోయేకొద్దీ పెంచుతూ పోవాలి. అన్నయ్య కింద సా ఊదిన గాలితోనే పై నీ కూడా ఊదుతున్నారేమో, అందుకే అక్కడ గాలి మాత్రమే వినిపిస్తోంది. అది రాలేదని ఒక్కసారిగా బలంగా ఊదితే కీచుమంటుంది. తార సా (పై స్థాయి సా) దాటాక గడ్డం కొంచెం లోపలికి లాక్కుని, వాయిద్యాన్ని ఛాతీ వైపు వంచి చూడండి. నాకు దానితోనే కీచు తగ్గింది.

ఈ పన్నెండు రంధ్రాల రకంలో మంద్ర ధైవతం (కింది స్థాయి ద) నుంచి తార మధ్యమం (పై స్థాయి మ) దాకా పలుకుతుంది. సరళీ, జంట వరుసలకు బాగా సరిపోతుంది.

చిత్తూరు_టీచరమ్మ:
మా బడిలో పిల్లలకు నేర్పుతుంటాను. బైరాగిపట్టెడ గారూ, ఒకసారి రంధ్రాలన్నీ మూసి అరనిమిషం పట్టుకుని, తర్వాత వేళ్లు తిప్పి చూసుకోండి. ప్రతి వేలి మీదా గుండ్రని అచ్చు పడాలి. ఎక్కడైనా సగం చంద్రుడిలా పడితే అక్కడ గాలి పోతోందన్నమాట. మా పిల్లల్లో ఎక్కువమందికి కుడి ఉంగరం వేలు దగ్గరే పోతుంది. వేలి కొనతో కాదు, మెత్తటి భాగంతో మూయాలి. గట్టిగా నొక్కక్కర్లేదు.

ఇంకో మాట, అన్నం తినగానే వాయించకండి. నోట్లోని మెతుకు, తడి గాలి దారిలోకి పోతాయి. పుక్కిలించి, కాసేపాగి మొదలుపెట్టండి. మధ్యలో గొంతు బొంగురుపోయినట్టు మోగితే లోపల తడి చేరినట్టే. శబ్దం వచ్చే కిటికీని వేలితో మూసి ఒక్కసారి గట్టిగా ఊదితే చుక్కలు బయటికొస్తాయి.

బైరాగిపట్టెడ_వాసి:
టీచరమ్మ గారూ, ఇప్పుడే చూసుకున్నా. కుడి ఉంగరం వేలే! సగమే అచ్చు పడింది. ఇంకో సందేహం, పై స్వరాలకు బొటనవేళ్లు రెండూ ఎత్తాలి కదా, అప్పుడు చేతిలోంచి జారిపోతుందని భయంగా ఉంది.

వేణువు_నుంచి_వచ్చా:
అందరికీ ఉండే భయమే. కుడి చిటికెన వేలిని దాని రంధ్రం పక్కన, తోక (వాయిద్యం సన్నబడే కొస) వైపు ఒంటి మీద ఆనించండి. పెదవులు, చూపుడువేళ్ల మొదళ్లు మిగతా బరువు మోస్తాయి. మొదట్లో మంచం మీద కూర్చుని సాధన చేయండి, జారినా పరుపు మీదే పడుతుంది.

కొర్లగుంట_కుర్రాడు:
మంచం మాట మర్చిపోకండి. నా మట్టి ఓకరీనా మొజాయిక్ గచ్చు మీద పడి మూడు ముక్కలైంది. మూడు రోజులు ఏమీ తినబుద్ధి కాలేదు. అంతకుముందు ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర పూల రంగులు వేసినది కొన్నా, చూడ్డానికి బొమ్మలా ఉండేది. సా నుంచి రీకి పోతే అది రీ కాదు, మరేదో. మొదటిసారి కొనేవాళ్లు ప్లాస్టిక్‌దే కొనండి. మట్టిది కావాలంటే ఆ వాయిద్యం మీదే వాయించిన రికార్డింగ్ అడిగి, విని కొనండి.

సరళీస్వరం:
వరుసల సంగతి చెప్పడం మర్చిపోయాను. మన పద్ధతిలో మాయామాళవగౌళ రాగంతో మొదలుపెడతారు, గాత్రానికి నేనూ అదే చెబుతాను. కానీ సి ఓకరీనా మీద అందులోని శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం తిన్నగా రావు, వేళ్లు తిరకాసుగా పెట్టాలి. ఊపిరే కుదరని మనిషికి అదీ తోడైతే విరక్తి పుడుతుంది. మా తమ్ముడికి ముందు శంకరాభరణంలో సరళీ వరుసలు, తర్వాత మోహనం చెప్పాను. మోహనంలో ఐదే స్వరాలు, సరిగపద, ఒక్కటి కూడా తిరకాసు లేదు. మాయామాళవగౌళ నాలుగో నెలలో పట్టుకున్నాడు. ఇది సంప్రదాయం కాదని ఎవరైనా అంటే కాదననుగానీ, నేనైతే ఇలాగే నేర్పుతాను.

వేణువు_నుంచి_వచ్చా:
అక్కతో ఇక్కడ మాత్రం కొంచెం విభేదిస్తాను. తిరకాసు వేళ్లు త్వరగా అలవాటైతేనే మంచిది, రెండో నెలలోనే మొదలుపెట్టొచ్చు. జంట వరుసలకు మాత్రం తుత్తుకారం తప్పనిసరి. నాలుకతో 'తు' అనకపోతే సస, రిరి విడివిడిగా పలకవు, ఒకటే సాగుతాయి.

పలమనేరు_మట్టి:
నాది కుమ్మరి కుటుంబం. మా పలమనేరులో బొమ్మలు, కుండీలు చేస్తాం. ఈ చర్చ చదివి నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు మా నాయన పిట్ట ఈలలు చేసేవాడు, నీళ్లు పోసి ఊదితే గలగలమనేవి. ఓకరీనాకు ఈ రూపమిచ్చింది 1853లో ఇటలీలోని బుద్రియో ఊరివాడు జుసెప్పె దొనాతి, అదీ మట్టితోనే. వాళ్ల వైపు మాటలో ఓకరీనా అంటే పెద్దబాతు పిల్ల. పోయిన నెల నేనూ ఒకటి చేశాను. పచ్చిగా ఉన్నప్పుడు సా కచ్చితంగా ఒకటో శృతికి కుదిరింది. ఆరి, కాలిన తర్వాత రెండు స్వరస్థానాలు పైకి పోయింది! మట్టి పదో వంతు దాకా కుంచించుకుపోతే లోపలి గాలి జాగా తగ్గి శృతి పెరుగుతుందని ఇప్పుడు అర్థమైంది. ఈసారి పచ్చిదాన్ని ముందే పెద్దగా చేస్తున్నా. తీరా కాల్చాక వినడానికి చెవి ఉన్నవాళ్లు కావాలి. ఎవరైనా వస్తారా?

సరళీస్వరం:
నేను వస్తాను. ఆదివారమైతే తమ్ముణ్ణి కూడా తీసుకొస్తాను.

బైరాగిపట్టెడ_వాసి:
మూడు వారాల తర్వాత రాస్తున్నా. ఇప్పుడు భోజనానికి ముందే, ఆరు గంటలకే మిద్దె ఎక్కుతున్నా. తంబూరా పెట్టుకుని సా, పా, తార సా మాత్రమే. ఆఫీసు ఏసీ గదిలో వాయించి చూస్తే శృతి కాస్త కిందికి ఉంది, మిద్దె మీద పైకి ఉంది. అందుకని యాప్‌లోనే శృతి కొద్దిగా సర్దుకుంటున్నా. నిన్న తార సా పది లెక్కపెట్టేదాకా నిలిచింది, ఊగుడు లేదు. పక్కింటి పెద్దాయన పిట్టగోడ దగ్గరికొచ్చి ఇంకోసారి ఊదమన్నాడు. ఊదాను, మళ్లీ నిలిచింది. తార రీ దగ్గర ఇంకా కీచు ఉంది.

పలమనేరు అన్నా, ఆదివారం నేనూ వస్తున్నా. బస్సు దిగాక ఎటు రావాలో చెప్పండి.