ముహూర్తం గడియారానిదా, సూర్యుడిదా? (మాట్లాడేవారికి వాళ్ల పేటల పేర్లే పెట్టాం)

సత్యనారాయణపురం:
పెళ్లిళ్లలో ఒక్క నిమిషం కోసం పడే టెన్షన్ చూసి అడుగుతున్నాను. అడ్డుతెరకు అటూ ఇటూ వధూవరులు జీలకర్ర బెల్లం పట్టుకుని ఉంటారు, పక్కన ఒకాయన ఫోన్‌లో సెకన్లు లెక్కపెడుతుంటాడు. ఆ ఫోన్ చూపించేది దేశమంతటికీ ఒకటే అయిన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం టైము. బెజవాడ ఉన్నది దాదాపు 80.65 దగ్గర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున, సగటున మన సూర్యుడు గడియారం కన్నా 7 నిమిషాలకు పైగా వెనక ఉంటాడు. మరి మనం పట్టుకునేది ఏ నిమిషాన్ని?

బ్రాడీపేట:
ఆ తేడా పంచాంగ గణితంలోనే కలిపేస్తారండి. అడగాల్సింది, ఏ ఊరికి కట్టిన లెక్క అని. సూర్యచంద్రుల మధ్య ఎడం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. అది ముగిసే క్షణం బెజవాడకైనా హైదరాబాదుకైనా ఒకటే. లగ్నం అలా కాదు, అది మీ ఊరికి తూర్పున ఉదయిస్తున్న రాశి. హైదరాబాదు కన్నా బెజవాడలో సగటున 8 నిమిషాలకు పైగా ముందే వచ్చేస్తుంది. నవాంశ, అంటే రాశిలో తొమ్మిదో వంతు, ఉండేదే సగటున 13 నిమిషాలు. అక్కడి లెక్క తెచ్చి ఇక్కడ తాళి కట్టిస్తే, సెకన్లు చూసి ఏం లాభం?

పటమట:
నన్నడిగితే కాలమే మనం చేసుకున్న ఏర్పాటు. 1906లో ప్రామాణిక కాలం రాకముందు రైళ్లు మద్రాసు టైము ప్రకారం నడిచేవి. అది గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాలకు కాస్త పైగా ముందు, అంటే బెజవాడ సొంత టైముకు నిమిషంన్నర కూడా తేడా లేదు. తర్వాత ముల్లు దాదాపు 9 నిమిషాలు ముందుకు జరిపారు. ఆకాశంలో ఏం మారింది?

అరండల్‌పేట:
ముల్లు జరిపింది మనం, కాలాన్ని కాదు. జీపీఎస్ ఉపగ్రహాల్లోని గడియారాలు నేల మీద వాటికన్నా రోజుకు దాదాపు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. వేగం వల్ల కొంత తగ్గుతుంది, పైన గురుత్వం తక్కువ కాబట్టి అంతకన్నా ఎక్కువ పెరుగుతుంది. ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెప్పేది ఇదే. దాన్ని సరిచేయకపోతే ఒక్క రోజులోనే దూరాలు కిలోమీటర్ల కొద్దీ తప్పుతాయి. మనుషుల ఏర్పాటే అయితే, ఎవరూ కూర్చుని ఒప్పుకోకుండా ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది?

సత్యనారాయణపురం:
కాలం ఉందనే నేనూ నమ్ముతాను. నా బాధ కొలత గురించి. 1967 నుంచి సెకనంటే సీజియం పరమాణువు వెలువరించే తరంగం 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు కంపించే సేపు. భూభ్రమణం దానికి సరిపోక 1972 నుంచి 2016 చివరిదాకా 27 లీపు సెకన్లు కలిపారు. 2035 లోపు ఆ సర్దుబాటు ఆపేయాలని 2022లో తీర్మానించారు. అంటే గడియారానికి సూర్యుడితో ఉన్న ఆ కాస్త సంబంధమూ తెంపేస్తున్నారు. ఇది నాకు ససేమిరా నచ్చలేదు.

బ్రాడీపేట:
ఇదే జోరున పోతే నూరేళ్లకు నిమిషం తేడా రావచ్చు. ఇప్పటికే 7 నిమిషాలు ఒప్పుకున్నాం కదండీ.

సత్యనారాయణపురం:
ఒప్పుకున్నది బస్సులకూ ఆఫీసులకూ. అందరికీ ఒకే టైము లేకపోతే అవి నడవవు. ముహూర్తానికి ఆ అవసరం లేదు. పురోహితుడు గారికి ఊరి పేరు చెప్పి, బెజవాడకే లెక్క కట్టించమంటాను.

పటమట:
కట్టించండి. అదీ ఏర్పాటే అంటాను నేను.